డెక్కు కింది ఖాళీని కొలిచి చూడండి

సంపాదకులు గారికి,

అయ్యా,

పవర్ కాటమరాన్‌లను గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. రెండు సన్నని హల్‌లను (నీటిలో తేలే పడవ దేహాలను) ఒకే డెక్కుతో కలిపి కట్టే ఈ మోటారు పడవలు ఒరగవు కనుక ఎంతటి సముద్రాన్నైనా తట్టుకుంటాయనీ, గోపాల్‌పూర్ నుంచి అండమాన్ దాకా యాత్రికులను వీటిలో తీసుకువెళ్లే రోజు దూరంలో లేదనీ వ్యాసకర్త రాశారు. ఒరగవన్న మాట చాలావరకు నిజమే. దాని ఆధారంగా ఆయన చేసిన నిర్ణయమే నిలిచేది కాదు. సరుకు ఓడల ఇంజను గదుల్లో ఉద్యోగ జీవితమంతా గడిపి బరంపురంలో స్థిరపడిన నాకు, సోనాపూర్, ఆర్యపల్లి మొదలుకొని అవతల డొంకూరు, బారువ దాకా మన వాళ్లు పర్యాటకం కోసమో, దూరపు వేట కోసమో ఇటువంటి పడవలు కొనాలని మాట్లాడుకోవడం తరచుగా వినబడుతోంది కాబట్టి, ఈ విషయాన్ని కాస్త వివరంగా రాయడం అవసరమనిపించింది.

పడవ ఒక పక్కకు వంగినప్పుడు ఆ పక్కన నీటిలో మునిగే భాగం పెరిగి, దానిని తిరిగి పైకి నెడుతుంది. మామూలు పడవలో ఈ నెట్టుడు మధ్యరేఖకు దగ్గరలోనే పుడుతుంది; కాటమరాన్‌లో తేలే శక్తి అంతా రెండు అంచుల్లోనే ఉన్నందువల్ల కొద్దిపాటి వంపుకే చాలా బలంగా వస్తుంది. అందుచేత అలలు పక్కనుంచి వచ్చేటప్పుడు ఒంటి హల్ పడవ తన సొంత ఊపును కూడా కలుపుకొని అల వాలు కంటే ఎక్కువగా ఒరిగితే, కాటమరాన్ ఆ వాలు ఎంతో సుమారుగా అంతే వంగి, అల దాటగానే నిటారుగా నిలుస్తుంది. లోతు నీటిలో ఆరు సెకన్లకొకటిగా వచ్చే అల పొడవు సుమారు 56 మీటర్లు. అది 2 మీటర్ల ఎత్తున ఉన్నా దాని వాలు ఆరేడు డిగ్రీలకు మించదు. యాత్రికుడి చేతిలో టీ గ్లాసు నిలుస్తుందని అమ్మకందారులు చెప్పేది ఇటువంటి సముద్రాన్ని చూసే. అయితే నిటారు కావడం ఒక్క కుదుపుతో జరుగుతుంది. ఒంటి హల్ పడవ మెల్లగా చేసే పనిని ఇది హఠాత్తుగా చేస్తుంది కనుక, ఒరగని పడవలో కూడా నిలబడినవాడు పడిపోవడం, కొత్తవాళ్లకు వాంతులు కావడం మామూలే.

ఇందులో మన ప్రాంతానికి ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. రెండు హల్‌ల మధ్య దూరం నాలుగున్నర మీటర్లున్న పడవకు తొమ్మిది మీటర్ల పొడవున్న పొట్టి అలలు పక్కనుంచి తగిలితే, ఒక హల్ శిఖరం మీదా రెండోది పల్లంలోనూ పడి ఊపు అన్నిటికంటే ఎక్కువవుతుంది. ఇంత పొట్టి అలలు చిలికా సరస్సులో గాలి లేచినప్పుడూ, ఋషికుల్య, బాహుదా నదుల మొగల (సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర ప్రవాహం అలలకు ఎదురొచ్చినప్పుడూ కనిపిస్తాయి. కాబట్టి చిలికాలో చికాకు పెట్టిన పడవ బయటి సముద్రంలోని నిడుపాటి అలల మీద కుదుటపడటమూ జరగవచ్చు, చిలికాలో హాయిగా నడిచినది బయట మొరాయించడమూ జరగవచ్చు. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవలు కూడా జంట హల్‌లవే, అవి చక్కగా నడుస్తున్నాయి. కానీ అవి తిరిగేది సముద్రపు అలలు తాకని బ్యాక్‌వాటర్ నీటిలో. వాటిని చూపించి బంగాళాఖాతం గురించి వాదించడం సరికాదు.

అసలు పరీక్ష ఎదురు అలల్లో ఉంటుంది. రెండు హల్‌లను కలిపే డెక్కు అడుగు భాగానికీ నీటి మట్టానికీ నడుమ కొంత ఖాళీ ఉంటుంది. పడవ అణియం (ముందు కొస) ఒక అల మీంచి పల్లంలోకి దిగే సమయానికి తరువాతి అల శిఖరం ఆ ఖాళీలోకి ఎగిసి డెక్కు అడుగును తాకితే, ఖాళీ డ్రమ్ము మీద సమ్మెటతో కొట్టినట్టు పడవ అంతా అదురుతుంది. ఎనిమిది సెకన్లకొకటిగా పుట్టే అల లోతు నీటిలో సుమారు 100 మీటర్ల పొడవుండి, సుమారు 24 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో పరుగెత్తుతుంది. దానికి ఎదురుగా 8 నాట్లతో వెళ్లే పడవకు ఆరు సెకన్లకొక అల ఎదురవుతుంది. 16 నాట్లతో వెళ్తే ఐదు సెకన్లు కూడా వ్యవధి ఉండదు. పడవ ముందుభాగం లేవడానికి పట్టే సమయం మాత్రం మారదు కనుక, వేగం పెరిగేకొద్దీ అది లేవకముందే అల వచ్చిపడుతుంది. ఇది పడవ లోపం అనుకోవడం కంటే సరంగు చేతిలో ఉన్న సంగతి అనుకోవడం మంచిది. వేగం తగ్గిస్తే దెబ్బలు తగ్గుతాయి, అలకు కొంచెం ఏటవాలుగా తిప్పితే ఇంకా తగ్గుతాయి. ఇన్ని నాట్ల వేగం అని టిక్కెట్టు మీద వేళలు అచ్చువేసుకున్న యజమాని, సరంగును ఆ పని చేయనిస్తాడా అన్నదే ప్రశ్న.

ఏటవాలుగా తిప్పడానికి కూడా ఒక మూల్యం ఉంది. అప్పుడు ఒక హల్ అణియమూ రెండో హల్ అమరమూ (వెనుక కొస) ఒకేసారి పైకి లేస్తాయి; వాటిని కలిపే అడ్డ నిర్మాణం మెలి తిరుగుతుంది. అల్యూమినియం పడవలో అతుకుల దగ్గరా, ఫైబర్ పడవలో హల్ డెక్కును కలిసే మూలల్లోనూ ముందుగా బీటలు కనిపించేది ఈ మెలి వల్లనే. పాత పడవ కొనేవారు సీట్లు, రంగు చూసే ముందు డెక్కు కిందికి దూరి, ఆ మూలలను టార్చిలైటుతో చూసుకోవాలి. మూలల్లో వెంట్రుకవాసి గీత ఉన్నా, దానిపై కొత్త రంగు పూసి ఉన్నా అనుమానించాల్సిందే.

ఇక డెక్కు కింది ఖాళీ విషయం. ఇది ఎంత ఉండాలన్న దాని మీద రూపకర్తలందరిదీ ఒకే మాట కాదు. స్థూలంగా పడవ పొడవులో ఇరవయ్యో వంతు ఉంటే మేలన్నది ఒక లెక్క. అంటే 13 మీటర్ల పడవకు 65 సెంటీమీటర్లు. ఈ కొలత కాగితం మీద ఖాళీ పడవకు వేసి చూపిస్తారు. కాటమరాన్ హల్‌లు సన్నగా ఉన్నందువల్లనే అది తక్కువ నూనెతో వేగంగా నడుస్తుంది. అవి సన్నగా ఉన్నందువల్లనే బరువు వేస్తే తొందరగా దిగిపోతుంది కూడా. పన్నెండు మీటర్ల పొడవు, మీటరుంపావు వెడల్పు మాత్రమే ఉన్న రెండు హల్‌లు నీటి మట్టం దగ్గర పరుచుకునే వైశాల్యం ఇరవై రెండు చదరపు మీటర్ల పైచిల్లరే ఉంటుంది. అటువంటి పడవ మీద ఒక టన్ను వేస్తే నాలుగు సెంటీమీటర్లకు పైగా దిగుతుంది. అదే పొడవున్న వెడల్పాటి ఒంటి హల్ పడవ రెండున్నర సెంటీమీటర్లు దిగితే ఎక్కువ. ముప్పై మంది యాత్రికులు, వాళ్ల సామాన్లు, వెయ్యి లీటర్ల డీజిల్ ఎక్కిస్తే మూడు టన్నులు దాటుతుంది. అప్పుడు 65 సెంటీమీటర్ల ఖాళీ 52కి దిగజారుతుంది. యజమాని పైన నీడ కోసం ఇంకో అంతస్తు కట్టించి, జనరేటరు పెట్టించి, పండుగ రోజుల్లో మరో పది మందిని ఎక్కిస్తే మిగిలేదెంతో పాఠకులే లెక్క వేసుకోవచ్చు. ఒంటి హల్ పడవకు ఎక్కువ బరువు వేస్తే అది నెమ్మదిస్తుంది. కాటమరాన్‌కు వేస్తే దాని మంచి గుణాలన్నీ ఒకేసారి పోతాయి. మన రేవుల్లో బరువు విషయంలో ఉన్న ఉదారత అందరికీ తెలిసినదే కనుక, నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే.

మన తీరపు దుంగల తెప్పను తలుచుకొని, మనవాళ్లకు ఈ పడవ కొత్తేమీ కాదని అనేవారున్నారు. తెప్పలో రెండు హల్‌లు లేవు, మూసిన డెక్కూ లేదు. పక్కపక్కన తాళ్లతో బిగించిన దుంగల సందుల్లోంచి నీరు పైకి వచ్చి, ఆ సందుల్లోంచే దిగిపోయేది. అల తాకడానికి అక్కడ అడ్డు గోడ ఉండేది కాదు. తెరచాప కాటమరాన్‌లలో చాలావాటికి ముందువైపు గట్టి డెక్కు బదులు వల కట్టి ఉంచేది కూడా నీరు ఆగకుండా దిగిపోవడానికే. మోటారు పడవలు అమ్మేవాళ్లు మాత్రం ఆ చోటును కూడా మూసేసి, గదో, కూర్చునే స్థలమో చేసి ధర పెంచుతున్నారు.

వెనుకనుంచి వచ్చే అలల గురించి వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. నైరుతి గాలి వీచే నెలల్లో గోపాల్‌పూర్ నుంచి ఈశాన్యంగా పూరీ వైపు పోయే ప్రతి పడవకూ అలలు వెనుకనుంచే వస్తాయి కనుక, మనకు ఇది అన్నిటికంటే దగ్గరి విషయం. ఎనిమిది సెకన్ల అల 24 నాట్లతో పరుగెత్తుతుందని చెప్పాను. పడవ 8 నాట్లతో పోతుంటే ఆ అల పన్నెండు సెకన్లలో పూర్తిగా దాటిపోతుంది. అమరం లేస్తుంది, దిగుతుంది, అంతటితో సరి. అదే పడవ 20 నాట్లతో పోతుంటే ఆ అలతో దాదాపు సమానంగా పరుగెత్తుతూ దాని ముందు వాలు మీద చాలాసేపు ఉండిపోతుంది. చుక్కాని చుట్టూ నీటి ప్రవాహం బలహీనపడుతుంది, వాలు పడవను కిందికి జార్చుతుంది, సన్నని అణియాలకు పైకి లేపే శక్తి తక్కువ కనుక అవి ముందున్న అల వెనుక భాగంలోకి గుచ్చుకుంటాయి. రెండు అణియాల్లో ఒకటి ముందు గుచ్చుకుంటే పడవ ఆ వైపు గిరుక్కున తిరిగి అలకు పక్క చూపిస్తుంది. ప్రశాంతంగా, వేగంగా సాగుతున్న ప్రయాణంలోనే, ఎవరికీ ఏమీ అనుమానం లేని సమయంలోనే ఇది జరుగుతుంది. వేగం తగ్గించి అలలను ముందుకు పోనివ్వడమే దీనికి మార్గం. దూరదూరంగా ఉన్న రెండు ఇంజన్లను చెరో వేగంతో నడిపి పడవను నిలువుగా ఉంచగలగడం కాటమరాన్ సరంగుకు ఉన్న పెద్ద సౌకర్యం, అది ఒప్పుకోవాలి. వెడల్పుగా కోసినట్టుండే అమరాన్ని వెనుక అల గట్టిగా నెడుతుంది. అందుకే న్యూజిలాండ్ రూపకర్త మాల్కం టెనెంట్ తన దూరప్రయాణపు పవర్ కాటమరాన్‌లలో అమరాన్ని సన్నగా ముగించే పద్ధతిని అనుసరించారు. అది అతి వేగంగా పరుగెత్తించాలనుకునే వాళ్లకు పనికిరాదు. దూరం పోవాలనుకునే వాళ్లకు పనికొస్తుంది.

రెండు ఇంజన్లున్నాయి కనుక ఒకటి ఆగినా రెండోదానితో ఒడ్డు చేరవచ్చన్న మాటను ఇంజనీరుగా నేను సగమే ఒప్పుకుంటాను. సముద్రం ఎగిసినప్పుడు ట్యాంకు అడుగున నెలల తరబడి పేరుకున్న మడ్డి, నీరు కదిలి డీజిల్‌లో కలిసి ఫిల్టర్లను మూసేస్తాయి. రెండు ట్యాంకులనూ ఒకే డ్రమ్ములోంచి, ఒకే రోజు నింపి ఉంటే రెండు ఇంజన్లూ ఒకే అరగంటలో ఆగుతాయి. పైకి ఎత్తుగా, నీటిలో తక్కువ లోతుగా ఉండే కాటమరాన్ ఇంజను లేనప్పుడు గాలికి వేగంగా కొట్టుకుపోతుంది, అలలకు పక్క చూపించి నిలుస్తుంది. రెండు అణియాలనుంచి రెండు తాళ్లు కట్టి, నీటిలో పారాచూట్ ఆకారంలో విచ్చుకునే సీ యాంకర్‌ను వదిలితే పడవ ముఖం అలవైపు నిలుస్తుంది. అది పడవలో ఉందో లేదో, దాన్ని విప్పి వేయడం ఎవరికైనా వచ్చో రాదో అడిగిన కొనుగోలుదారును నేను ఇంతవరకు చూడలేదు.

తలకిందులవడం గురించి. తెరచాప లేదు కనుక గాలి ఒక్కటే పవర్ కాటమరాన్‌ను తిరగేయడం కష్టం. పడవ వెడల్పుకు సమానమైన ఎత్తులో విరిగే అల పక్కనుంచి తగిలితే ప్రమాదమని స్థూలంగా చెబుతారు. ఆరు మీటర్ల వెడల్పున్న పడవను తిరగేసే అంత అల తుపానులో తప్ప రాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరా, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలోనూ తీరం దాటిన రోజులను చూసిన మనకు ఆ సముద్రం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. వెడల్పు మూడు మీటర్లు మాత్రమే ఉన్న చిన్న పడవకు మాత్రం అంతటి తుపాను అక్కర్లేదు, మొగ దగ్గర ఇసుక తిన్నె మీద విరిగే అలే చాలు. ఒకసారి తిరగబడితే కాటమరాన్ ఆ స్థితిలో కూడా అంతే స్థిరంగా నిలుస్తుంది, తనంతట తాను లేవదు. మునిగిపోకుండా తేలుతూ ఉండటం ఒక ఊరట. లోపలివాళ్లు బయటికి రావడానికి హల్ అడుగున కిటికీ ఉంటేనే ఆ ఊరట ఎవరికైనా దక్కుతుంది.

ఈ పడవలు మహాసముద్రాలను దాటలేవని నేను అనడం లేదు. 1990లో హోవర్‌స్పీడ్ గ్రేట్ బ్రిటన్ అనే, టాస్మేనియాలో ఇన్‌క్యాట్ సంస్థ కట్టిన 74 మీటర్ల కాటమరాన్ అట్లాంటిక్‌ను మూడు రోజుల ఎనిమిది గంటల లోపే దాటి, ఆ సముద్రాన్ని అతివేగంగా దాటిన ప్రయాణికుల ఓడకిచ్చే హేల్స్ ట్రోఫీ గెలుచుకుంది. 1998లో అదే సంస్థ కట్టిన క్యాట్ లింక్ 5 సగటున 41 నాట్లకు పైగా వేగంతో దాటి ఆ ట్రోఫీని దక్కించుకుంది. మన నౌకాదళంలోనే సముద్రగర్భ సర్వేకు కాటమరాన్ రూపంలో కట్టిన ఐఎన్‌ఎస్ మకర్ 2012లో చేరింది. అయితే 74 మీటర్ల ఓడకు అల్పమైన అల 13 మీటర్ల పడవకు కొండంత. చిన్న కాటమరాన్‌లు కూడా మహాసముద్రాలు దాటుతూనే ఉన్నాయి. అవి ఎనిమిది, తొమ్మిది నాట్లతో, తక్కువ మందితో, వాతావరణం చూసుకొని పోతాయి.

గోపాల్‌పూర్ నుంచి, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 650 నాటికల్ మైళ్లు. 8 నాట్లతో మూడు రోజులు దాటుతుంది. నాలుగో రోజు వాతావరణం గురించి బయలుదేరేటప్పుడు పూర్తి నమ్మకం ఉండదు. వేగంగా పోతామంటే, అతివేగ నౌకలకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ రాసిన నియమావళి ప్రకారం ప్రయాణికుల నౌక తన మామూలు వేగంతో నాలుగు గంటల్లో ఏదో ఒక ఆశ్రయానికి చేరగలిగేంత దూరంలోనే తిరగాలి. 35 నాట్ల నౌకకు అది 140 మైళ్లు. అండమాన్ దారి మధ్యలో ఎటు చూసినా 250 మైళ్ల లోపు రేవు లేదు. ఆ నియమావళి అంతర్జాతీయ ప్రయాణాలకు రాసినదే కావచ్చు, దాని తర్కం మన నీటికీ వర్తిస్తుంది.

కొనేవారు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పడవకు ఇచ్చిన డిజైన్ వర్గం (అది ఎంతటి సముద్రానికి తగినదో చెప్పే తరగతి) ఏమిటో చూడాలి: సి వర్గమంటే 2 మీటర్ల అల, బోఫర్ట్ గాలి కొలమానంలో 6వ స్థాయి గాలి వరకే, బి అంటే 4 మీటర్లు, 8వ స్థాయి. వర్షాకాలంలో మన దగ్గర 2 మీటర్లు దాటడం వింత కాదు. పైగా హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సూచనల్లో చెప్పే ఎత్తు, అలల్లో పెద్దవైన మూడో వంతుకు సగటు. ఆ సముద్రంలోనే అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు అల ఒకటి వస్తుంది. 2 మీటర్లని సూచన ఉన్న రోజున మూడున్నర మీటర్ల అలను చూసి సరంగు ఆశ్చర్యపోకూడదు.

పరీక్షా ప్రయాణాన్ని అమ్మకందారులు జనవరిలోనో ఫిబ్రవరిలోనో, నలుగురైదుగురిని ఎక్కించుకొని చూపిస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం ముగిశాక, జూలైలో, నింపిన ట్యాంకులతో, మనుషులకు బదులు వాళ్ల బరువుకు సరిపడా ఇసుక బస్తాలతో, గోపాల్‌పూర్ నుంచి పూరీ వైపు వెళ్లి ఎదురు అలల్లో తిరిగి రమ్మని అడగాలి. బయలుదేరే ముందు, రేవులో బరువంతా ఎక్కించాక, డెక్కు కింద టేపు పెట్టి కొలవాలి. అందుకు ఒప్పుకోని వారితో బేరం అక్కడే ఆపడం మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత మెరైన్ ఇంజినీరు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.